‘అస్పష్టం’ అని వదిలేయకండి: ఏ ఇంగ్లిష్ మాట ఎక్కడ వాడాలో తేల్చుకోవడం ఎలా

విశాఖ రేవుకి వచ్చే ఓడల పనులు చూసిపెట్టే ఒక ఏజెంటు ఆఫీసులో నేను గుమాస్తాగా చేరిన కొత్తలో ఒక ఓడ నుంచి మెయిల్ వచ్చింది. ‘ఓల్డ్ వైర్స్ అండ్ స్లింగ్స్’ గట్టు మీద దించుతున్నాం, తీసుకెళ్లండి అని దాని సారాంశం. స్లింగులంటే సరుకుని క్రేను కొక్కేనికి తగిలించి ఎత్తే పట్టీలు, తాళ్లు. మేం దించినవన్నీ తుక్కు లారీ ఎక్కించేశాం. కెప్టెన్ ఉద్దేశం వేరు. వైర్లే పాతవి. స్లింగులు బాగానే ఉన్నాయి, వాటిని బరువు పరీక్ష చేయించి తిరిగి ఓడకి చేర్చాలి. లారీ కాన్వెంట్ జంక్షన్ దాటకముందే ఫోన్ అందింది కాబట్టి సరిపోయింది. కానీ నేను ఊరుకోకుండా ‘మీ మెసేజ్ వేగ్‌గా ఉంది’ అని జవాబు రాసి పంపాను.

కెప్టెన్ మండిపడ్డాడు. బెర్తు (రేవులో ఓడ ఆగే చోటు) నంబరు రాశాను, టైము రాశాను, వైర్లెన్నో స్లింగులెన్నో అంకెలు వేశాను, ఇందులో వేగ్ ఏముంది అని నిలదీశాడు. మా ఆఫీసులో తలపండిన ఒక పెద్దాయన నా మెయిల్ చదివి, కుర్చీ లాక్కుని పక్కన కూచున్నారు. “బాబూ, ఆయన మాట వేగ్ కాదు, యాంబిగ్యువస్. వేగ్ అంటే ఆయన సరిగ్గా చెప్పలేదని. యాంబిగ్యువస్ అంటే ఆయన సరిగ్గానే చెప్పాడు గానీ దాన్ని రెండు రకాలుగా చదువుకోవచ్చని. మొదటిది రాస్తే మనిషిని తప్పుపట్టినట్టు. రెండోది రాస్తే వాక్యాన్ని చూపించినట్టు.”

ఆ పూట నుంచి ఈ మాటల మీద నాకు పట్టుదల పెరిగింది. ఇప్పుడు సాయంత్రాలు మద్దిలపాలెంలో మా మేడ మీద నర్సింగ్ చదివే అమ్మాయిలకి, కాల్ సెంటర్‌కీ ఓడ ఉద్యోగాలకీ సిద్ధమయ్యే కుర్రాళ్లకి ఇంగ్లిష్ చెప్తున్నాను. వాళ్లందరి నోట్లో తిరిగేది ఒకటే మాట: అస్పష్టం. వేగ్ అన్నా అస్పష్టమే, యాంబిగ్యువస్ అన్నా అస్పష్టమే, అబ్‌స్క్యూర్ అన్నా అస్పష్టమే. జబ్బేదైనా ‘ఒంట్లో బాగోలేదు’ అన్నట్టు. అలా అంటే మందు ఎవరిస్తారు? ఈ మాటల్లో ఒక్కోటీ ఒక్కో రోగం పేరు. పేరు సరిగ్గా పడితే, ఎదుటివాళ్లని తరవాత ఏం అడగాలో మీకే తెలిసిపోతుంది.

ముందు ఎక్కడ తెగిందో చూడండి

అర్థం కాని మాట ఎదురైనప్పుడు వెంటనే ఇంగ్లిష్ మాట కోసం వెతక్కండి. నాలుగు చోట్ల చూడండి. మాట మీ చెవిదాకా, కంటిదాకా వచ్చిందా? వచ్చిన మాటకి అర్థం ఒక్కటేనా, రెండా, లేక అసలు హద్దే లేదా? అర్థం ఉండి, తెలియనిది మీకేనా? చివరిగా, చెప్పే మనిషికి చెప్పాలని ఉందా? ఈ వరస తప్పకండి. ఫోన్‌లో సరిగ్గా వినపడని మాటని పట్టుకుని ‘దాటవేస్తున్నాడు’ అని నిందించేవాళ్లని చాలామందిని చూశాను. మొదటి మెట్టు వదిలేసి చివరి మెట్టుకి దూకితే జరిగేది అదే.

చెవి, కన్ను

ఇది తేలిక. అసలు వినపడకపోతే ఇనాడిబుల్. వినపడుతోంది గానీ అక్షరాలు విడివిడిగా తెలియకపోతే ఇండిస్టింక్ట్. మనిషి పెదాలు కదపకుండా గొణిగితే మంబుల్. రాత కోడి గెలికినట్టుండి అక్షరం గుర్తుపట్టలేకపోతే ఇల్లెజిబుల్. అన్‌రీడబుల్ అనే మాట దీనికీ చెల్లుతుంది కానీ అది అక్షరాలు ముత్యాల్లా ఉండి విషయం చదవబుద్ధి కాని పుస్తకానికి కూడా వాడతారు. అందుకని చేతిరాత గురించి చెప్పేటప్పుడు ఇల్లెజిబుల్ అనే రాయండి.

నర్సింగ్ అమ్మాయిలకి ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్తాను. స్లర్డ్ అంటే మాట ముద్దముద్దగా, నాలుక మడతపడినట్టు రావడం. ఉన్నట్టుండి మాట అలా మారడం పక్షవాతం లక్షణాల్లో ఒకటి కాబట్టి, ఆ మాట డ్యూటీ రిపోర్టులో కనపడితే డాక్టరు పరిగెత్తుకొస్తాడు. పేషెంటు నీరసంగా గొణుగుతుంటే మంబ్లింగ్ అని రాయాలి. నిజంగా నాలుక తిరగకపోతే మాత్రం స్లర్డ్ అని రాయడానికి ఒక్క క్షణం కూడా వెనకాడకూడదు.

గార్బుల్డ్ సంగతి వేరు. మాట బయల్దేరినప్పుడు బాగానే ఉంది, దారిలో చెడింది. రేడియోలో ముక్కలు ముక్కలుగా వచ్చిన మాట, ఫోన్‌లో తెలుగు ఫాంటు గళ్లుగళ్లుగా మారిన మెసేజ్, నలుగురి నోళ్లు మారి వచ్చిన కబురు, ఇవన్నీ గార్బుల్డ్. ఈ మాట పుట్టుక నాకు ఎంతో ఇష్టం. జల్లించడం అని అర్థమున్న అరబ్బీ మాట సముద్రవ్యాపారంలో పడి, ఇటలీ మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. మిరియాల్లాంటి సుగంధద్రవ్యాల్లోంచి చెత్త ఏరడాన్నే ఒకప్పుడు ‘గార్బుల్’ అనేవారు. లండన్‌లో ఆ పని చూడటానికి ప్రత్యేకంగా ఒక అధికారి ఉండేవాడు. జల్లించడం కాస్తా తనకి కావలసింది ఏరుకుని మిగతాది పారెయ్యడం అయింది. అక్కణ్ణుంచి మాటని ముక్కలు చేసి చెడగొట్టడం అనే అర్థానికి వచ్చింది. జల్లెడలోంచి రాలిపోయి అరకొరగా మిగిలిన మాట అని గుర్తుపెట్టుకోండి, ఇక మరిచిపోరు.

ఈ మెట్టులో తేడా దొరికితే అడగాల్సింది ఒక్కటే: మళ్లీ చెప్పండి, లేదా మళ్లీ రాయండి. అర్థం గురించి వాదన ఇంకా మొదలే కాలేదు.

అర్థాలు లెక్కపెట్టండి

ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే. యాంబిగ్యువస్ అన్న మాటలో ‘రెండువైపులా తోలడం’ అనే లాటిన్ అర్థం ఉంది. ఎద్దు ఒకటే, తోలేవాళ్లు ఇద్దరు, చెరో వైపుకి. మన భాషలో దీనికి చక్కని ఉదాహరణ ‘పాత పుస్తకాల షాపు’. పాత పుస్తకాలు అమ్మే షాపా, పుస్తకాలమ్మే పాత షాపా? అందులో ప్రతి మాటా మనకి తెలుసు, వినపడింది, చదవగలిగాం, అయినా రెండు అర్థాలు నిలబడ్డాయి. ‘ఓల్డ్ వైర్స్ అండ్ స్లింగ్స్’లో జరిగింది కూడా ఇదే. ఓల్డ్ అన్న విశేషణం వైర్ల దగ్గర ఆగిందో, స్లింగుల దాకా వెళ్లిందో వాక్యం చెప్పలేదు.

పరీక్ష ఇది. కాగితం మీద ఆ మాటకి ఉన్న అర్థాలని విడివిడి వాక్యాలుగా రాయండి. ‘వైర్లు పాతవి, స్లింగులు పాతవి కావు’ అని ఒకటి. ‘రెండూ పాతవే’ అని ఇంకొకటి. ఇలా రెండో మూడో వాక్యాలు స్పష్టంగా వచ్చి అక్కడితో ఆగితే అది యాంబిగ్యువస్. రాస్తూనే పోతుంటే, ఎక్కడా ఆగకపోతే, అది వేగ్. దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

ఆఫీసుల్లో రోజూ దొరికేవి కొన్ని చెప్తాను. బుధవారం నాడు ‘నెక్స్ట్ ఫ్రైడే’ అంటే ఎల్లుండి వచ్చే శుక్రవారమా, ఆ పై వారందా? ‘బైవీక్లీ’ అంటే వారానికి రెండుసార్లా, రెండు వారాలకి ఒకసారా? ఆ మాటకి రెండు అర్థాలూ చెల్లుతాయి కాబట్టి నేనైతే ఆ మాటే వాడను. తేదీ 03/04 అని వేస్తే మనకి ఏప్రిల్ 3, అమెరికా వాళ్లకి మార్చి 4. ఓడ రాక గురించి అలా రాస్తే నెల తేడా వస్తుంది. నెల పేరు అక్షరాల్లో రాయడం అలవాటు చేసుకోండి.

ఇంకొకటి మన తెలుగువాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్త పడాల్సింది. ‘సూపర్‌వైజరు డ్రైవరుతో తన పాసు గడువు అయిపోయిందని చెప్పాడు’ అంటే పాసు సూపర్‌వైజరుది. డ్రైవరుదైతే ‘అతని పాసు’ అంటాం. ‘తన’ అనే చిన్న మాట మనకి ఎంత సాయం చేస్తోందో ఇంగ్లిష్‌లోకి వెళ్లేదాకా తెలియదు. అక్కడ రెండింటికీ ‘హిజ్’ ఒక్కటే. తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో రాస్తున్నప్పుడు, మన మనసులో ‘తన’ స్పష్టంగా ఉంటుంది కాబట్టి వాక్యం కూడా స్పష్టంగా ఉందనుకుంటాం. అనుకోకండి. ‘హిజ్’ ఉన్నచోట పాసు ఎవరిదో పేరు పెట్టి మళ్లీ రాయండి. రెండుసార్లు ఒకే పేరు వచ్చిందని సిగ్గుపడాల్సిన పని లేదు.

యాంబిగ్యువస్ మాట ఎంత పని చేస్తుందో ఒక్క ఉదాహరణ చాలు. 1977 మార్చి 27న కేనరీ దీవుల్లోని టెనెరీఫ్‌లో పొగమంచులో రెండు పెద్ద విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. అంతకు కొద్ది క్షణాల ముందు ఒక విమానం నుంచి ‘ఇప్పుడు మేం ఎట్ టేకాఫ్’ అనే అర్థంలో మాట వెళ్లింది. బయల్దేరిపోతున్నాం అని వాళ్ల ఉద్దేశం. బయల్దేరే చోట సిద్ధంగా ఉన్నాం అని టవర్‌లో విమానాల రాకపోకలు చూసే కంట్రోలరుకి అర్థమైంది. అది యాంబిగ్యువస్. ఆయన ‘ఓకే’ అని, ఆగండి, నేను పిలుస్తాను అన్నాడు. సరిగ్గా అప్పుడే రెండో విమానం వాళ్లు మేమింకా రన్‌వే మీదే ఉన్నాం అని మాట్లాడారు. రెండు మాటలూ ఒకే రేడియో తరంగం మీద ఒకదాన్నొకటి గుద్దుకుని కీచుమని శబ్దం మిగిలింది. అది గార్బుల్డ్. ఒకే నిమిషంలో రెండు వేర్వేరు రోగాలు. ఆ తరవాత విమానాలు, కంట్రోలర్ల మధ్య ‘టేకాఫ్’ అన్న మాటని నిజంగా అనుమతి ఇచ్చేటప్పుడు, దాన్ని రద్దు చేసేటప్పుడు తప్ప వాడకూడదని నియమం పెట్టారు. మిగతా సమయాల్లో ‘డిపార్చర్’ అంటారు.

ఓడలకీ ఇలాంటి కట్టడి ఉంది. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ఓడల వాళ్లు మాట్లాడుకోవడానికి ప్రామాణిక వాక్యాలు ఖరారు చేసింది. అందులో ‘మే, మైట్, షుడ్, కుడ్, కెన్’ మాటలకి దూరంగా ఉండమన్నారు. ‘మే ఐ ఎంటర్?’ అని అడిగితే అది అనుమతి కోరడమో, వెళ్లడానికి వీలుందా అని అడగడమో తెలియదు. అందుకని ముందు ‘క్వశ్చన్’ అని చెప్పి, ఆ తరవాత లోపలికి రావడానికి నాకు అనుమతి ఉందా అని సూటిగా అడగాలి. సలహా అయితే ‘అడ్వైస్’ అనీ, ఆదేశమైతే ‘ఇన్‌స్ట్రక్షన్’ అనీ ముందే పేరు పెట్టి చెప్పాలి. చుక్కాని తిప్పమనే ఆదేశాల్లో తప్ప, అంకెలు కూడా విడదీసి పలకాలి. 15 అనడానికి ఫిఫ్టీన్ అంటే ఫిఫ్టీలా వినపడుతుంది కాబట్టి ‘వన్ ఫైవ్’ అంటారు. డాల్ఫిన్స్ నోస్ కొండ కింద నుంచి, ఆ ఇరుకు కాలువలోంచి లోపలి రేవులోకి ఓడ రావడం ఒక్కసారి చూస్తే ఈ చాదస్తం ఎందుకో తెలుస్తుంది. ఫోన్‌లో మాట్లాడే ఉద్యోగం మీదైతే ఈ ‘వన్ ఫైవ్’ పద్ధతి ఇవాళే అలవాటు చేసుకోండి.

యాంబివలెంట్ అనే మాటని దీనితో కలిపేస్తుంటారు. అది వాక్యం గుణం కాదు, మనిషి మనసు. బదిలీ మీద హైదరాబాద్ వెళ్లాలనీ ఉంది, విశాఖ వదలాలనీ లేదు అనుకోండి, మీరు యాంబివలెంట్. మీ వాక్యం మాత్రం తేటగానే ఉంది.

యాంబిగ్యువస్ అని తేలితే అడగాల్సిన ప్రశ్న ‘ఇదా, అదా?’ రెండు అర్థాలూ మీరే రాసి ముందు పెట్టండి. కెప్టెన్‌కి నేను రాయాల్సింది ‘స్లింగులు కూడా పాతవేనా, లేక వైర్లు మాత్రమేనా?’ అన్న ఒక్క వాక్యం.

హద్దు లేని మాట

వేగ్. తిరుగుబోతు మాట అనుకోండి. దాని లాటిన్ మూలానికి అర్థం కూడా ఊరూరా తిరిగేది అనే. ఒక చోట నిలవదు. పలకడం వేగ్, ‘వేగ్యూ’ కాదు.

‘మా ఇల్లు జగదాంబ దగ్గర’ అంటే వేగ్. ఎంత దగ్గర? జంక్షన్‌కి ఎటు పక్క? ‘త్వరలో పంపుతాం’, ‘కొందరు వచ్చారు’, ‘ఖర్చు కాస్త ఎక్కువే అయింది’ అన్నవీ అంతే. మన ఆఫీసు ఉత్తరాల్లో వంశపారంపర్యంగా వస్తున్న ‘డూ ద నీడ్‌ఫుల్’ దీనికి తలమానికం. చేయాల్సింది చేయండి అంటే, ఏది చేయాలి? ఎప్పటిలోగా? ఇందులో రెండు అర్థాలు లేవు, లెక్కకి అందనన్ని ఉన్నాయి. యాంబిగ్యువస్ అన్నది దారి రెండుగా చీలిన చోటు. వేగ్ అన్నది దారే కనపడని మైదానం.

అయితే వేగ్ అనిపించుకున్న ప్రతి మాటా తప్పు కాదు. బీచ్ రోడ్డులో నడుస్తూ ‘ఇవాళ అలలు పెద్దగా ఉన్నాయి’ అంటే చాలు, ఎన్ని మీటర్లో ఎవరికి కావాలి? అదే మాట వేటకెళ్లే మత్స్యకారుడికి చెప్తే చాలదు. అందుకే వాతావరణ శాఖ హెచ్చరికల్లో గాలి గంటకి 45 నుంచి 55 కిలోమీటర్లు అని అంకెలు ఉంటాయి. ఎవరికి చెప్తున్నామో, వాళ్లు ఆ మాట పట్టుకుని ఏం చేయాలో, దాన్ని బట్టే ఎంత కచ్చితంగా చెప్పాలన్నది తేలుతుంది. కాబట్టి పక్కవాడి మాటని వేగ్ అనేముందు, నాకు ఇంతకంటే కచ్చితంగా కావాలా అని ఒకసారి చూసుకోండి.

వేగ్‌కి అడగాల్సినవి ఎంత, ఎప్పుడు, ఎవరు, ఎక్కడ. ‘కొంచెం వివరంగా చెప్పండి’ అని అడక్కండి, ఆ ప్రశ్న కూడా వేగే.

తెలియంది మీకేనా?

తుపాను రోజుల్లో పేపర్లో ‘విశాఖ పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’ అని చూస్తుంటాం. అది వేగ్ కాదు, అంకె ఉంది. యాంబిగ్యువస్ కాదు, అర్థం ఒక్కటే: రేవుకి ఈదురుగాలుల బెడద ఉందని. కానీ ఆ పట్టిక తెలియని నూటికి తొంభైమందికి అది చీకటి. అదిగో, అబ్‌స్క్యూర్ అంటే అదే. లాటిన్‌లో కూడా చీకటి అనే అర్థం. వెలుతురు ఉన్నవాడికి కనపడుతుంది, లేనివాడికి కనపడదు. తప్పు వాక్యంలో లేదు. వాక్యానికీ వినేవాడికీ మధ్య ఉంది.

ఆ హెచ్చరికలు మొత్తం పదకొండు. పదో నంబరు మహా ప్రమాదం. మరి పదకొండోది అంతకంటే పెద్ద తుపాను అనుకుంటారు అందరూ. కాదు. వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయి, ప్రమాదం ఉందనే ఇక్కడి అధికారి అంచనా అని దాని అర్థం. మాట అందకపోవడాన్నే ఒక ప్రమాదంగా గుర్తించి దానికో నంబరు ఇచ్చిన వాళ్లమీద నాకు చాలా గౌరవం.

ఊరి మాటల్లోనూ ఇదే కథ. విశాఖలో ‘కాంప్లెక్స్‌లో దిగు’ అంటే చంటిపిల్లాడికి కూడా ద్వారకా బస్‌స్టేషన్ అని తెలుసు. శ్రీకాకుళం నుంచి మొదటిసారి వచ్చిన కుర్రాడు ఏ కాంప్లెక్స్ అని బిక్కమొహం వేస్తాడు. సిటీ బస్సు మీద ‘ఓహెచ్‌పీఓ’ అన్న నాలుగక్షరాలు చూస్తే కొత్తవాళ్లకి అది ఏదో రహస్య సంకేతం. మనకి వన్‌టౌన్‌లోని పాత పోస్టాఫీసు, అంతే. ఇలా మరీ పొట్టిగా, లోపల ఏదో దాచిపెట్టినట్టు, విప్పితే గానీ తెలియనట్టు ఉండే దాన్ని క్రిప్టిక్ అనొచ్చు. అబ్‌స్క్యూర్‌కీ క్రిప్టిక్‌కీ మధ్య ఉన్నది ఆ దాపరికం రంగు. పొడుపుకథ క్రిప్టిక్. పాత శాసనంలో నలుగురు పండితులకే తెలిసిన మాట అబ్‌స్క్యూర్.

ఇక్కడ అడగాల్సింది ‘ఇది నాకు కొత్త, కాస్త చెప్పండి’ అని. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. తెలిసినట్టు తలూపి తప్పు స్టాపులో దిగితేనే కష్టం.

మనసులో ఏముందో

ఇది చివరి మెట్టు. మిగతావన్నీ చూశాకే దీని దగ్గరికి రండి, ఎందుకంటే ఇక్కడి మాటలు నిందలు. ఇవేసివ్ అంటే మనవాళ్ల మాటల్లో నీళ్లు నమలడం, అడిగింది వదిలేసి ఇంకేదో చెప్పడం. నాన్‌కమిటల్ అంటే గోడ మీద పిల్లి వాటం. ‘చూద్దాంలెండి’ అన్న మాట అటు ‘అవును’ కాదు, ఇటు ‘కాదు’ కూడా కాదు. నాన్‌కమిటల్‌గా ఉండటం కొన్నిసార్లు మర్యాద కూడా. పెళ్లిసంబంధం గురించి అడిగితే మా మామయ్య ‘ఇంట్లో మాట్లాడి చెప్తాం’ అంటాడు, అది మోసం కాదు. ఇవేసివ్ అలా కాదు, అందులో దాపరికం ఉంటుంది.

ఈక్వివోకల్ అన్నది యాంబిగ్యువస్‌కి దగ్గరి చుట్టం. రెండర్థాలు ఉండటం యాంబిగ్యువస్. చాలాసార్లు అది పొరపాటున జరుగుతుంది. తెలిసి తెలిసి, రెండర్థాల వెనక నక్కడానికే అలా అన్నారని అనుమానం ఉన్నప్పుడు ఈక్వివోకల్ అంటారు. ల్యాబు ఫలితం అటూ ఇటూ తేలకపోతే కూడా ఈక్వివోకల్ అనే రాస్తారు, అక్కడ నింద లేదు. మనుషుల మాటకి వాడినప్పుడు మాత్రం ఉంది. ద్రోణుడితో ధర్మరాజు అన్న మాట తలుచుకోండి. ‘అశ్వత్థామ హతః’ అని గట్టిగా, ‘కుంజరః’ అని మెల్లగా. అశ్వత్థామ అన్న పేరు కొడుకుదీ, ఏనుగుదీ కాబట్టి పేరు యాంబిగ్యువస్. కొడుకే అనుకోవాలని అన్నాడు కాబట్టి ఆ పలుకు ఈక్వివోకల్. ఏనుగు అన్న మాట యుద్ధం రొదలో ద్రోణుడికి ఇనాడిబుల్. మూడు మాటలకీ మూడు చోట్లు దొరికాయి చూడండి. వాటిని కలిపేస్తే ధర్మరాజు చేసిన పని ఏమిటో చెప్పడానికి మనకి మాటే మిగలదు.

పై అధికారికి రాసే మెయిల్‌లో ఇవేసివ్, ఈక్వివోకల్ రాయకండి. రుజువు చేతిలో ఉంటే తప్ప. ‘మీ జవాబులో తేదీ కనపడలేదు’ అని రాస్తే పని జరుగుతుంది, గొడవ ఉండదు.

మాటలే వరసలో రానివాళ్ల సంగతి ఒక్క ముక్క. తలా తోకా లేకుండా, ఒక వాక్యానికి ఇంకో వాక్యంతో పొంతన లేకుండా మాట్లాడితే ఇన్‌కోహియరెంట్. మనసులో ఉంది కానీ మాట పెగలక తడబడితే ఇనార్టిక్యులేట్. చెప్పాల్సింది చెప్తున్నారు కానీ డొంకతిరుగుడుగా ఊరంతా తిప్పి చెప్తుంటే ర్యాంబ్లింగ్. మొదటిసారి ఇంటర్వ్యూకి వెళ్లిన మన ఊరి పిల్లని ఇన్‌కోహియరెంట్ అని రాసేవాళ్లని చూస్తే నా మనసు చివుక్కుమంటుంది. ఆ పిల్ల బుర్రలో అంతా సవ్యంగానే ఉంది, ఇంగ్లిష్ మాట అందక ఆగిపోయింది. ఆమె ఇనార్టిక్యులేట్, అదీ ఆ భాషలో, ఆ పది నిమిషాలకే.

ఒక కాగితం మీద సాధన

మీ ఇంట్లో ఉన్న మందుల చీటీ ఒకటి తీయండి. మా అమ్మ చీటీ ఒకటి నేను పాఠాల కోసం దాచుకున్నాను. మొదటి మందు పేరు గీతలు గీతలుగా ఉంది: ఇల్లెజిబుల్. (మందుల పేర్లు చదవగలిగేలా, వీలైతే క్యాపిటల్ అక్షరాల్లో రాయాలని వైద్యులకి 2016లోనే నియమం వచ్చింది.) రెండో మందు పక్కన ‘ఓడీ’ అని ఉంది. రోజుకి ఒకసారి అని మామూలు అర్థం. కానీ కంటి వైద్యంలో ఓడీ అంటే కుడి కన్ను. అది కంటి చుక్కల మందు కాబట్టి రెండర్థాలూ కుదురుతున్నాయి: యాంబిగ్యువస్. మూడోదాని పక్కన ‘ఎస్ఓఎస్’. అవసరమైతే వేసుకోమని అర్థమున్న లాటిన్ మాటలకి అవి పొట్టి అక్షరాలు. డాక్టరుకీ మందుల షాపు కుర్రాడికీ తేటతెల్లం, మా అమ్మకి అబ్‌స్క్యూర్. కింద ‘కొన్నాళ్లయ్యాక రండి’ అని రాసి ఉంది: వేగ్. అమ్మ మాత్రం నాలుగింటికీ కలిపి ‘నాకేటీ అర్థం కాలేదురా’ అంది. మేం వెళ్లి నాలుగు ప్రశ్నలు విడివిడిగా అడిగాం. ఈ పేరు మళ్లీ రాయండి. ఇది రోజుకోసారా, కుడి కంటికా? ఎస్ఓఎస్ అంటే ఏమిటి? ఎన్ని రోజులకి రావాలి? అయిదు నిమిషాల్లో అన్నీ తేలాయి. ‘అర్థం కాలేదండి’ అని మాత్రమే అని ఉంటే ఆయన అదే చీటీ ఇంకోసారి చదివి పంపేవారు.

చివరగా ఫోన్ ఉద్యోగాల వాళ్లకి. ‘యు హావ్ నాట్ రిసీవ్డ్ ద పార్సిల్?’ అని అవతలివాళ్లు అడుగుతారు. తెలుగులో ‘అందలేదా?’ అంటే ‘అవును, అందలేదు’ అంటాం. ఆ అలవాటు మీద ఇంగ్లిష్‌లో ‘యెస్’ అని ఆగిపోతే, అవతలి మనిషి అందిందనుకోవచ్చు. ఇంగ్లిష్‌లో అక్కడ ‘నో’ రావాలి. మీ యెస్ గట్టిగా వినపడింది, వేగ్ కాదు, దాపరికం లేదు, కానీ రెండు భాషల మధ్య యాంబిగ్యువస్ అయి కూచుంది. అందుకని లేదు అన్న ప్రశ్నకి ఎప్పుడూ యెస్ దగ్గర గానీ నో దగ్గర గానీ ఆపకండి. వాక్యం మొత్తం చెప్పండి: ‘నో, ఐ హావ్ నాట్ రిసీవ్డ్ ఇట్.’ ప్రశ్న అడిగేది మీరే అయితే, ‘అందలేదా’ అనకుండా ‘అందిందా’ అని అడగండి.